దగ్గుతో సహా

ట్రంకాల్ పెద్దమ్మకి ఉన్న అలవాటు ఒక్కటే. ‘ఫలానావాళ్ళకి ఈ మాట చెప్పండి’ అని ఎవరైనా అప్పజెబితే, ఆ మాటని అక్షరం పొల్లు పోకుండా మోసుకెళ్ళి అప్పగించేది. పొల్లు పోకుండా అంటే మనం మాటవరసకి అనుకునే పొల్లు కాదు. చెప్పినవాళ్ళు మధ్యలో దగ్గితే దగ్గు, తుమ్మితే తుమ్ము, ఆవలిస్తే ఆవలింత, తిడితే తిట్టు, తిట్టి నాలిక కరుచుకుంటే ఆ కరుచుకోవడం కూడా. గొంతు వాళ్ళదే, యాస వాళ్ళదే, విసుగు వాళ్ళదే. మాట మాత్రం ఆవిడ నోట్లోంచి వచ్చేది.

అందుకే ఆ ఇరవై వాటాల భవనంలో ఎవరైనా ఆవిడకి ఒక కబురు అప్పజెప్పాలంటే ముందు అటు తిరిగి గొంతు సవరించుకుని, ముక్కు తుడుచుకుని, రావలసిన తుమ్ములు అన్నీ తుమ్మేసి, అప్పుడు ఇటు తిరిగి నోరు విప్పేవారు.

ఈ జాగ్రత్త వాళ్ళకి ఊరికే రాలేదు. ఒకసారి మొదటి అంతస్తు పళ్ళ డాక్టరు, ఇంట్లో ఫోను పలకకపోతే, ట్రంకాల్ పెద్దమ్మకి ఫోను చేసి, “మా ఆవిడకి కాస్త చెప్పండి. క్లినిక్‌లో జనం ఎక్కువగా ఉన్నారు, రావడానికి ఆలస్యమవుతుంది” అన్నాడు. ఆవిడ మెట్లు దిగి వెళ్ళి డాక్టరుగారి భార్య ముందు నిలబడి మొత్తం అప్పజెప్పింది. చివర్లో, “‘ఆలస్యమవుతుంది’ అన్న చోట వెనకాల ఒక ఆడమనిషి నవ్విందమ్మా, ఇలా” అని పకపకా నవ్వి మరీ చూపించింది.

డాక్టరు మూడు రోజులు ముందుగదిలో సోఫా మీద పడుకున్నాడు. నాలుగోరోజు లబోదిబోమంటూ వచ్చాడు.

“అది టీవీ అండీ పెద్దమ్మగారూ! క్లినిక్‌లో టీవీ! మాట చెప్పమన్నాను గానీ టీవీని కూడా చెప్పమన్నానా?”

“లైన్లో వచ్చింది నాయనా. లైన్లో వచ్చినదాన్ని దాచిపెట్టడానికి నేనెవర్ని?” అంది ఆవిడ.

ఆవిడ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో దూరపు ఊళ్ళకి ట్రంకాళ్ళు కలుపుతూ ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసింది. చెవులకి దుద్దుల బదులు హెడ్‌ఫోన్లు పెట్టుకున్న మనిషి. ఉద్యోగంలో చేరిన రోజున పై అధికారిణి ఆవిడని కూర్చోబెట్టి, “చూడమ్మాయ్, మాట జనానిది. చెవి, నోరు ప్రభుత్వానివి. నీది అంటూ ఇక్కడ ఏమీ లేదు” అని చెప్పిందట. రిటైరై పదకొండేళ్ళయినా, ఆ చెవినీ నోటినీ తిరిగి తీసుకోవడం ప్రభుత్వం మరిచిపోయింది.

ఈ సంగతులన్నీ అందరికన్నా బాగా తెలిసినది ఆవిడ చెల్లెలి కూతురికి. ఉద్యోగం కోసం వచ్చి, రెండో అంతస్తులో పెద్దమ్మతోనే ఉంటోంది. వయసు ముప్పై దాటినా పెద్దమ్మకి మాత్రం ‘అమ్మడు’. ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చుని, ఎక్కడెక్కడి మనుషులో అడిగే ప్రశ్నలకి టైపు చేస్తూ సమాధానాలు ఇవ్వడం ఆమె పని. ఒకరోజు స్నానానికి వెళ్ళి వచ్చేసరికి పెద్దమ్మ ఎదురుచూస్తోంది.

“మీ మేనేజరు ఫోను చేశాడు. ‘రేపు తొమ్మిదింటికి మీ... కరకర... టింగు ఉంది, ఆలస్యం... కరకర... చేయద్దని చెప్పండి’ అన్నాడు. రెండు బిస్కెట్లు అయ్యాయి. మూడోది టీలో ముంచాడనుకుంటా, చప్పుడు మెత్తగా వచ్చింది.”

మర్నాడు మీటింగులో మేనేజరు గంభీరంగా నోరు తెరవగానే అమ్మడికి నవ్వాగలేదు. కెమెరా ఆపేసి పావుగంట దిండులో మొహం పెట్టుకుంది.

అలా ఉండగా ఒక మంగళవారం సాయంత్రం గాలి మొదలైంది. మొదట తలుపులు కొట్టింది, తరవాత కిటికీలు కొట్టింది, ఆ తరవాత ఎదురుగా ఏది ఉంటే దాన్ని కొట్టింది. రేకులు కాగితాల్లా ఎగిరాయి. తెల్లవారి చూస్తే వీధిలో చెట్టన్నది నిలబడి లేదు. కరెంటు స్తంభాలు ఒకదానికొకటి వంగి నమస్కారాలు పెట్టుకుంటున్నాయి. పక్క భవనం మీదున్న సెల్‌ఫోన్ టవరు నడుము విరిగి, తల కిందికి పెట్టి, తన నీడని తనే వెతుక్కుంటోంది. లిఫ్టు రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఆగిపోయింది. అందులో మనుషులెవరూ లేరు గానీ, దర్జీ కుట్టు మిషను మాత్రం ఉంది.

కరెంటు లేదు. ఫోను లేదు. ఇంటర్నెట్ సంగతి అడగనే అక్కర్లేదు. అమ్మడు ఫోను చేత్తో పైకెత్తుకుని హాల్లో, వంటింట్లో, బాల్కనీలో, ఆఖరికి స్టూలెక్కి కూడా తిరిగింది. సిగ్నల్ గీత ఒక్కటీ రాలేదు.

“ఏం వెతుకుతున్నావే?” అంది పెద్దమ్మ.

“ప్రపంచం, పెద్దమ్మా. నిన్నటిదాకా ఇక్కడే ఉంది.”

“ఉంటుందిలే. మెట్ల మీద చూశావా?”

నిజంగానే ప్రపంచమంతా మెట్ల మీదే ఉంది. నాలుగో అంతస్తువాళ్ళు కిందికి అరుస్తున్నారు, కిందివాళ్ళు పైకి అరుస్తున్నారు. మధ్యలో మాటలు గుద్దుకుని ఎవరికీ ఏదీ చేరడం లేదు. నీళ్ళ ట్యాంకరు వస్తుందని ఒకరు, కాదు ఏనుగు వస్తుందని విన్నానని ఇంకొకరు. పెద్దమ్మ కాసేపు విని, చెవులు మూసుకుంది. లోపలికి వెళ్ళి తన మడత కుర్చీ తెచ్చి, రెండో అంతస్తు మెట్ల మలుపులో వేసుకుని కూర్చుంది. కాళ్ళకి కాన్వాసు బూట్లు. మెడలో తాడుకి కట్టిన కళ్ళజోడు.

“అరవకండి!” అంది. ముప్పై ఒక్క ఏళ్ళు వాడిన గొంతు. మెట్లన్నీ నిశ్శబ్దమైపోయాయి. “ఎవరికేం చెప్పాలో నాకు చెప్పండి. ఒకరి తరవాత ఒకరు.”

ఆ భవనానికి అలా మళ్ళీ టెలిఫోన్ వచ్చింది.

మోకాళ్ళు పూర్తిగా సహకరించవు కాబట్టి పెద్దమ్మ సగం కబుర్లు తను మోసి, మిగతా సగానికి అమ్మడిని పెట్టుకుంది. పెట్టుకున్న గంటలోనే ఉద్యోగంలోంచి తీసేసినంత పని చేసింది.

“మూడో అంతస్తావిడ సబ్బు ఉందేమో అడగమన్నారు పెద్దమ్మా.”

“ఎలా అడిగింది?”

“ఎలా అంటే? సబ్బు కావాలంది. అంతే.”

“‘అంతే’ అన్నది నువ్వు. ఆవిడ ఏమంది? నిలబడి అడిగిందా, తలుపు చాటునుంచా? వెళ్ళి మళ్ళీ విని రా.”

అమ్మడు గొణుక్కుంటూ మెట్లెక్కింది. తిరిగి వచ్చి, “‘ఏమనుకోకండి, ఒక సబ్బు ఉంటే...’ అని ఆగిపోయింది. తలుపు సగమే తీసింది. చేతులకి మసి ఉంది” అని చెప్పింది.

“చూశావా? అది అరువు అడగడానికి సిగ్గుపడే మనిషి. రెండు సబ్బులు పట్టుకెళ్ళు. ఒకటి ఇస్తే రేపు మళ్ళీ అడగలేక మసితోనే ఉంటుంది.”

అమ్మడు మొదటిసారి కొంచెం ఆలోచనలో పడింది. కానీ ఎక్కువసేపు పడడానికి తీరిక లేదు. అప్పుడే ట్యాంకరు వచ్చింది. వీధిలో బకెట్లు పట్టుకుని యాభై మంది బారులు తీరారు. మూడో అంతస్తు బ్యాంకు గుమాస్తా ఆ వరసలో నిలబడ్డాడు. అతని భార్య పైనుంచి పంపిన కబురు పెద్దమ్మ స్వయంగా తెచ్చింది. వరస మధ్యలో నిలబడి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, ఆ ఇల్లాలి గొంతుతో మొదలుపెట్టింది.

“‘రెండు బకెట్లే పట్టుకెళ్ళాడు ఈ మహానుభావుడు. మూడోది తలుపు పక్కనే పెట్టాను, కళ్ళెక్కడ పెట్టుకున్నాడో. బుర్రనేది ఉంటేగా!’”

యాభై మందీ బకెట్లు కింద పెట్టి మరీ విన్నారు. గుమాస్తా మొహం కందగడ్డ అయిపోయింది.

“ఆ చివరి మాట కూడా అందాండీ?”

“అంది నాయనా. అనేసి నవ్వింది కూడా. నవ్వమంటావా?”

“వద్దండీ.”

“నవ్వితేనే పూర్తవుతుంది. తిట్టొక్కటే చెప్పి నవ్వు మింగేస్తే ఆ పిల్లకి అన్యాయం చేసినట్టు” అని పెద్దమ్మ ముసిముసిగా, ఎంతో ముద్దుగా నవ్వింది. గుమాస్తా ఎర్రబడిన మొహంతోనే తనూ నవ్వి, మూడో బకెట్టు అందుకున్నాడు.

ఇలా రెండు రోజులు గడిచాయి. ఎవరింట్లో కొవ్వొత్తులు ఉన్నాయో, ఎవరి ఫ్రిజ్‌లో పాలు విరిగిపోతున్నాయో, ఎవరి పాపకి జ్వరం తగ్గిందో పెద్దమ్మ నోటే తెలిసేది. ఆవిడ చెప్పింది అంటే ఇంక తిరుగులేదు. ‘నిజమేనా?’ అని అడిగినవాడు వెర్రివాడి కింద లెక్క.

అన్ని అంతస్తులకీ కబుర్లు తిరిగాయి గానీ, నాలుగో అంతస్తులోని ఒక వాటాకీ కింద దుకాణానికీ మధ్య మాత్రం ఒక్కటీ తిరగలేదు. పై వాటాలో ఉండేది లెక్కల మాస్టారు. కింద మైకులు, లైట్లు, జనరేటరు అద్దెకిచ్చే దుకాణం ఆయన స్వంత తమ్ముడిది. అన్నదమ్ములు మాట్లాడుకుని తొమ్మిదేళ్ళు.

గొడవ పెద్దదేమీ కాదు. దుకాణం తెరిచిన రోజున తమ్ముడు పదిమందినీ పిలిచి, కొత్త బోర్డు మీది గుడ్డ లాగాడు. ‘శభ్ద తరంగం’ అని నిలువెత్తు అక్షరాలు. అందరూ చప్పట్లు కొడుతుంటే మాస్టారు జేబులోంచి సుద్దముక్క తీసి, కుర్చీ ఎక్కి, ‘భ’ని కొట్టేసి ‘బ’ రాశారు. పదిమంది ముందు! తమ్ముడు, “నా గడప తొక్కకు” అన్నాడు. అన్న, “నీ చప్పుడు నా చెవిన పడనివ్వకు” అన్నారు. సుద్ద మర్నాడే తుడుచుకుపోయింది. తప్పు మాత్రం తొమ్మిదేళ్ళుగా అలాగే ఉంది, పంతం కొద్దీ.

మాస్టారికి ఊపిరితిత్తుల జబ్బు. కరెంటుతో నడిచే ఆక్సిజన్ మిషను లేకపోతే నాలుగడుగులు వేయలేరు. కరెంటు పోయినప్పటినుంచీ, అవసరానికని దాచుకున్న సిలిండరు మీద నెట్టుకొస్తున్నారు. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. శుక్రవారం మధ్యాహ్నం ఎవరో ఇచ్చిన రొట్టె ముక్కలు ఇద్దామని పెద్దమ్మ, అమ్మడు పైకి వెళ్ళేదాకా ఎవరికీ తెలియలేదు.

మాస్టారు మంచం మీద గోడకి ఆనుకుని కూర్చున్నారు. ముక్కుకి గొట్టం. ఒళ్ళో కాగితం, పెన్సిలు.

“ఏం లెక్క చేస్తున్నారు మాస్టారూ?” అంది పెద్దమ్మ.

“సిలిండరులో ఎంత మిగిలిందో, నిమిషానికి ఎంత ఖర్చవుతోందో.” ఒక్కో మాటకీ ఒక్కో ఊపిరి తీసుకుంటూ అన్నారు. “నాలుగు గంటల... పది నిమిషాలు. మాట్లాడకుండా ఉంటే... ఇంకో ఇరవై.”

ఆస్పత్రి దారంతా చెట్లు పడి ఉన్నాయి, వాటిని కోసి తీసేసరికి రేపవుతుందని పొద్దున్నే కబురు వచ్చింది. అంబులెన్సుకి ఫోను చేద్దామంటే ఫోనే లేదు.

“కింద జనరేటర్ ఉందండీ!” అంది అమ్మడు. “నిన్నటినుంచీ ఊరందరి ఫోన్లకీ ఛార్జింగు పెడుతున్నారు. మీ తమ్ముడిగారిని...”

“వద్దు.”

“పొద్దున మీ తమ్ముడు నన్నడిగాడు” అంది పెద్దమ్మ. “‘పైన అందరూ బాగానే ఉన్నారా’ అన్నాడు. ‘అందరూ’ అనేటప్పుడు గొంతు తగ్గింది. తలెత్తి నాలుగో అంతస్తు చూశాడు.”

మాస్టారు కిటికీ వైపు తిరిగారు. “వాడి కరెంటు నాకక్కర్లేదు. చచ్చినా... వాణ్ణి అడగనని చెప్పండి. ఇలాగే చెప్పండి. మీరు మాట మార్చరుగా.”

అనడం అయితే అన్నారు గానీ, ఆ వెంటనే దగ్గు తెర కమ్ముకొచ్చింది. మూడు పొడుగు దగ్గులు, రెండు పొట్టి దగ్గులు. దగ్గుతూ ఆయన చెయ్యి పక్కనున్న మంచం పట్టీని వెతుక్కుని గట్టిగా పట్టుకుంది. పెద్దమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఆ చేతినే చూసింది. తరవాత, “సరే మాస్టారూ” అని లేచింది.

మెట్ల దగ్గర అమ్మడు ఆవిడ కొంగు పట్టుకుంది.

“పెద్దమ్మా, ఇప్పుడు వెళ్ళి అదే చెప్తావా?”

పెద్దమ్మ గోడ పట్టుకుని ఇంకో మెట్టు దిగింది.

“ఆయన పంతంతో అన్నారు. నువ్వు వెళ్ళి ‘చచ్చినా అడగను’ అని ఆయన గొంతుతో చెబితే, ఆ తమ్ముడు ఈ జన్మలో పైకి రాడు. ఒక్కసారి, ఈ ఒక్కసారికి మాట మార్చు. నీకు దణ్ణం పెడతాను.”

“మెట్లు చూసి దిగు. పడతావు” అంది పెద్దమ్మ.

“పోనీ నేను చెప్తాను.”

“నువ్వు చెబితే నువ్వు చెప్పినట్టుంటుంది. ఆయన చెప్పినట్టుండదు.”

డెబ్బై రెండు మెట్లు. అమ్మడు అన్ని మెట్లూ బతిమాలుతూనే దిగింది. పెద్దమ్మ ఒక్కో మెట్టూ లెక్కపెట్టుకుంటున్నట్టు దిగింది.

దుకాణం ముందు జనరేటరు భగభగమంటోంది. ఫోన్లు ఛార్జింగుకి పెట్టినవాళ్ళు, పెట్టబోయేవాళ్ళు పాతికమంది దాకా ఉన్నారు. మైకుసెట్టాయన స్టూలు మీద కూర్చుని, ఎవరి వైరు ఎవరిదో విడదీస్తున్నాడు. పెద్దమ్మని చూసి జనరేటరు ఆపేశాడు. ఆ నిశ్శబ్దంలో అందరూ ఇటు తిరిగారు.

అమ్మడు ఆగలేకపోయింది. “అండీ, మీ అన్నయ్యగారికి సిలిండరు అయిపోవస్తోంది. నాలుగు గంటలే!”

మైకుసెట్టాయన లేవబోయి, మళ్ళీ కూలబడ్డాడు.

“నేను వెళితే తలుపు తీస్తాడామ్మా? ఆమధ్య ఆస్పత్రిలో ఉంటే పళ్ళు పట్టుకెళ్ళాను. నర్సుతో వెనక్కి పంపేశాడు. బుట్టతో సహా. ఇప్పుడు నన్ను చూసి కోపంతో ఇంకా ఎగశ్వాస వస్తే?” పెద్దమ్మ వైపు తిరిగాడు. “మీరు పైనుంచేగా వస్తున్నారు. నా గురించి ఏమైనా అన్నాడా? అన్నది అన్నట్టు చెప్పండి. తిట్టినా సరే.”

అమ్మడు కళ్ళు గట్టిగా మూసుకుంది.

పెద్దమ్మ గొంతు సవరించుకుంది. మాస్టారు కూర్చున్నట్టే నడుము వంచింది. ఒక చెయ్యి గాల్లో దేనికోసమో వెతికి, స్టూలు అంచుని పట్టుకుంది. ముందు దగ్గు వచ్చింది. మూడు పొడుగు దగ్గులు, ఒక పొట్టి దగ్గు. ఆ వెనకనే, అచ్చం మాస్టారి గొంతులో, ఒక్కో మాటకీ ఒక్కో ఊపిరి తీసుకుంటూ అంది.

“‘చిన్నోడా... ఊపిరందడం లేదురా. నువ్వు... పైకి రారా.’”

అమ్మడు కళ్ళు తెరిచింది. నోరు కూడా తెరుచుకుంది.

మైకుసెట్టాయన ఆ దగ్గు దగ్గరే లేచి నిలబడ్డాడు. చేతిలోని వైర్లు కింద పడ్డాయి.

“‘చిన్నోడా’ అన్నాడా?” అన్నాడు. యాభై ఏళ్ళ మనిషి, పాతికమంది ముందు, గొంతు పిల్లాడిలా అయిపోయింది. అమ్మడి వైపు తిరిగాడు. “నువ్వూ అక్కడే ఉన్నావుగా అమ్మా? నిజంగా అన్నాడా?”

పాతికమంది చూపులూ అమ్మడి మీదికి తిరిగాయి. పెద్దమ్మ మాత్రం జనరేటరుని పరీక్షగా చూస్తోంది, జన్మలో జనరేటరు చూడనట్టు.

“అక్షరం పొల్లు పోలేదండీ” అంది అమ్మడు. “దగ్గుతో సహా.”

ఆ తరవాత జరిగింది చూడడానికి రెండు కళ్ళు చాలలేదు. మైకుసెట్టాయన పెద్ద పెద్ద సభలకి వేసే కేబులు చుట్ట భుజాన వేసుకుని, రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి పరిగెత్తాడు. బ్యాంకు గుమాస్తా, పళ్ళ డాక్టరు వెనకాల వైరు విప్పుకుంటూ, మలుపుల్లో చిక్కులు తీసుకుంటూ వెళ్ళారు. మెట్ల పక్కనుంచి నల్లటి వైరు ఒకటి నాలుగు అంతస్తులూ పాక్కుంటూ ఎక్కింది.

పెద్దమ్మ, అమ్మడు ఆయాసపడుతూ చేరేసరికి అన్నదమ్ములు గుమ్మానికి అటొకరు ఇటొకరు ఉన్నారు. మాస్టారు గొట్టం లాక్కుంటూ మంచం దిగి తలుపుదాకా వచ్చేశారు.

“నిన్నెవడు రమ్మన్నాడు?”

“నువ్వేగా!”

“నేనా?”

“‘చిన్నోడా, ఊపిరందడం లేదురా, పైకి రారా’ అనలేదూ? ఈవిడ అందరి ముందూ చెప్పింది. పాతికమంది విన్నారు!”

మాస్టారు నెమ్మదిగా ట్రంకాల్ పెద్దమ్మ వైపు తిరిగారు. ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకోవడం మొదలుపెట్టింది. అంతసేపు తుడవవలసినంత దుమ్ము ఆ అద్దాల మీద లేదు. మెట్ల నిండా జనం. ఎవరూ ఊపిరి పీల్చడం లేదు, ఒకవేళ మాస్టారికి చాలదేమోనన్నట్టు.

ఆయన ‘నేనలా అనలేదు’ అని ఒక్క ముక్క అంటే చాలు. కానీ ఎవరు నమ్ముతారు? ట్రంకాల్ పెద్దమ్మ మాట మార్చిందంటే, రెండు రెళ్ళు అయిదని మాస్టారు చెప్పినంత పని. ఆ లెక్క ఆయనకీ తెలుసు. తలెత్తి తమ్ముణ్ణి చూశారు. భుజాన కేబులు, మొహమంతా చెమట, తొమ్మిదేళ్ళలో నెరిసిన మీసం.

“అన్నానేమో” అన్నారు. “ఊపిరాడనప్పుడు... మనిషి ఏదో ఒకటి అంటాడు.”

“చిన్నోడా అన్నావట.”

“అన్నాన్లేరా. నిలబడి చూస్తావేం? ముందా ప్లగ్గు పెట్టు.”

కింద జనరేటరు భగ్గుమంది. పైన మిషను గుర్రుమని అందుకుంది. మెట్ల మీద ఎవరో చప్పట్లు కొట్టారు. మాస్టారు మంచం మీద వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు. తమ్ముడు మంచం పక్కన నేల మీద కూర్చుని, ప్లగ్గు ఎక్కడ ఊడిపోతుందోనని దాన్ని చేత్తో పట్టుకునే ఉన్నాడు. టేపు చుట్టవచ్చని అతనికి గంటసేపు తోచలేదు. తొమ్మిదేళ్ళుగా వైర్ల వ్యాపారం చేస్తున్న మనిషికి!

ఇంటికి రాగానే అమ్మడు తలుపు వేసి, దానికి ఆనుకుని నిలబడింది.

“మార్చావు!”

“ఏం మార్చాను?”

“మాట! ఆయన ‘చచ్చినా అడగను’ అంటే నువ్వు ‘పైకి రారా’ అని చెప్పావు. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసు! నాచేత కూడా అబద్ధం ఆడించావు!”

“నేనేమీ మార్చలేదు” అంది పెద్దమ్మ, బూట్ల లేసులు విప్పుకుంటూ. “ఎక్స్‌ఛేంజిలో రూలు ఉందే. లైన్లో గరగర ఎక్కువై అటువాళ్ళ మాట ఇటువాళ్ళకి అందకపోతే, మధ్యలో ఆపరేటరు విని, అర్థం చేసుకుని చెప్పచ్చు. ఆ మనిషి నోటితో అన్నదంతా గరగర. దగ్గుతూ మంచం పట్టీ వెతుక్కున్నాడు చూడు, అదీ మాట. దగ్గులూ నవ్వులూ ఎందుకు పట్టుకెళ్తానో ఇన్నాళ్ళూ అందరూ వేళాకోళం చేశారు. మనుషులు అసలు సంగతి ఎప్పుడూ వాటిల్లోనే కదుటే చెబుతారు.”

అమ్మడు ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చుండిపోయింది.

“ఇలా గరగర తీసేసి చెప్పడం ఎన్నిసార్లు చేశావు పెద్దమ్మా?”

“రూలు ప్రకారం ఎన్నిసార్లు అవసరమైతే అన్నిసార్లు” అంది పెద్దమ్మ. “రెండో లేసు ముడి పడింది, విప్పు.”

అమ్మడు వంగి ముడి విప్పింది. ఆ బూట్ల అరుగుదల చూస్తే, ఆ రెండు రోజుల్లో ఆవిడ కబుర్లలో సగం కాదు, మూడొంతులు తనే మోసిందని తెలుస్తోంది.

శనివారానికి దారి బాగయింది, మాస్టారికి కొత్త సిలిండర్లు వచ్చాయి. వాటితోపాటు ఆస్పత్రివాళ్ళు కాస్త మాట్లాడడానికి సత్తువ కూడా ఇచ్చినట్టున్నారు. పెద్దమ్మ చూడడానికి వెళితే ఆయన చాలా గంభీరంగా, “మీరొక తప్పు చేశారండీ” అన్నారు.

పెద్దమ్మ తొణకలేదు. “ఏమిటి మాస్టారూ?”

“నేను దగ్గినవి మూడు పొడుగువి, రెండు పొట్టివి. మీరు ఒకటే పొట్టి దగ్గు దగ్గారట. మావాడు చెప్పాడు.”

“మీ తమ్ముడు అప్పటికే లేచిపోయాడు మాస్టారూ. రెండోది దగ్గే వ్యవధి ఎక్కడిచ్చాడు?”

మాస్టారు నవ్వబోయి దగ్గారు. ఈసారి పెద్దమ్మ దాన్ని ఎక్కడికీ మోసుకెళ్ళలేదు.

సోమవారం పొద్దున కరెంటు వచ్చింది. సాయంత్రానికి ఫోన్లు మోగడం మొదలైంది. మెట్ల మీది జనమంతా ఎవరి తలుపులు వాళ్ళు వేసుకుని, ఎవరి తెరల ముందు వాళ్ళు కూర్చున్నారు. దర్జీ కుట్టు మిషను లిఫ్టులోంచి బయటపడింది. మలుపులోని మడత కుర్చీ ఇంట్లోకి వచ్చేసింది. ఆరు రోజులుగా ఆగిపోయిన ప్రశ్నలన్నీ ఒక్కసారి వచ్చి పడి, అమ్మడు టైపు చేస్తూ కూర్చుంది. కాకపోతే ఇప్పుడు, ఎవరైనా కోపంగా రాస్తే, జవాబు కొట్టేముందు ఆ మాటని పెదవుల మీద ఒకసారి పలికి చూసుకుంటోంది.

బుధవారం సాయంత్రం నాలుగో అంతస్తునుంచి కేకలు మొదలయ్యాయి. ఇద్దరు మగవాళ్ళ గొంతులు, ఒకదాన్ని మించి ఒకటి.

“నాకు నడవడం రాదనుకున్నావా? వదులు చెయ్యి!”

“రాదు! నిన్న మూడు మెట్లకే కూర్చున్నావు!”

“అవి మూడు కాదు, అయిదు! నీకు ఒకట్లు కూడా రావు!”

“వచ్చులే! కుర్చీ తెచ్చాను, కూర్చో ముందు!”

అమ్మడు కంగారుగా వచ్చి చూసింది. పెద్దమ్మ వీధి తలుపు బార్లా తీసి, గుమ్మంలో కూర్చుని చిక్కుళ్ళు వలుస్తోంది.

“పెద్దమ్మా, మళ్ళీ మొదలెట్టారు. వెళ్ళి ఏదో ఒకటి సర్దిచెప్పు.”

పెద్దమ్మ చెవి పైకి పెట్టి, రెండు కేకలు పూర్తిగా విని, తృప్తిగా తలాడించింది.

“ఎందుకే? లైను ఎంత శుభ్రంగా ఉందో విన్నావా?” అంది. “మాట్లాడుకోనీ.”